విండోస్‌లో ఎస్ఎంబీ 1 ఆపేశారా?

బెంగళూరు మారతహళ్లిలో మేముండే పీజీలో అందరికీ ఒకటే వైఫై. ఎవరి ల్యాప్‌టాప్‌లో ఏముందో దేవుడికే తెలియాలి. మీదీ అదే పరిస్థితైతే ఎస్ఎంబీ 1 ఆన్‌లో ఉందేమో చూసుకోండి. ఫైళ్లు పంచుకోవడానికి వాడే పాతకాలపు ప్రోటోకాల్ అది. 2017 మేలో వాన్నాక్రై (ఫైళ్లకు తాళం వేసి డబ్బులు అడిగే వైరస్) అంత వేగంగా పాకింది అందులోని లోపం వల్లే. మైక్రోసాఫ్ట్ మార్చిలోనే అప్‌డేట్ ఇచ్చినా చాలామంది వేసుకోలేదు (మనకి అప్‌డేట్ అంటే 'రేపు చూద్దాం' కదా!).

స్టార్ట్‌లో 'టర్న్ విండోస్ ఫీచర్స్ ఆన్ ఆర్ ఆఫ్' అని వెతికి, ఎస్ఎంబీ 1.0 పక్కన టిక్ ఉంటే తీసేసి రీస్టార్ట్ చేయండి. కొత్త విండోస్‌లో మామూలుగా టిక్ ఉండదు.

ఆ తర్వాత పాత ప్రింటర్ నుంచి స్కాన్లు ఫోల్డర్‌లోకి రాకపోతే, దాని సెట్టింగ్స్‌లో ఎస్ఎంబీ 2 (ఎస్ఎంబీ 1 తర్వాత వచ్చిన వెర్షన్) ఉందేమో వెతకండి.