సీడీలో పాత ఫొటోలు మాయమయ్యాయా? పారేయకండి, ముందు ఇది చూడండి

మాది అమలాపురంలో చిన్న కంప్యూటర్ షాపండి. ఇప్పుడు సీడీలు కొనేవాళ్ళు లేరు గానీ పాతవి పట్టుకొచ్చేవాళ్ళు మాత్రం ఆగలేదు. మొన్న రాజోలు నుంచి ఒకావిడ వచ్చి, బాబూ మా అమ్మాయి పెళ్ళి ఫొటోలు ఇందులోనే ఉండేవి, ఇప్పుడు పెడితే మనవడి అన్నప్రాసన ఫొటోలే వస్తన్నాయి, ఎవరో చెరిపేసేరు అన్నారు. చెరిపేయడం కాదమ్మా, సీడీ-ఆర్ (ఒకసారే రాయగలిగే సీడీ) మీద లేజర్ ఒకసారి మచ్చ పెట్టిందంటే పెట్టినట్టే అని చెప్పేను.

సమస్య 1: కొత్తవి రాసేక పాతవి కనపడట్లేదు

కారణం ఏంటంటే, మనం సీడీలో విడతలు విడతలుగా రాస్తే ఒక్కో విడత ఒక్కో సెషన్ అవుద్ది. ముందు లీడిన్ (సెషన్ మొదలని చెప్పే జాగా), మధ్యలో డేటా, చివర లీడౌట్ (సెషన్ అయిపోయిందని చెప్పే జాగా). ప్రతి సెషన్ డేటాకీ దాని సొంత ఫైళ్ళ జాబితా ఉంటది, దాని ఆచూకీ ఆ సెషన్ మొదలైన చోటి నుంచి 16వ సెక్టార్ (డేటా ఉండే చిన్న గడి) దగ్గర దొరుకుద్ది. కంప్యూటర్ ఏం చేస్తదంటే చివరి సెషన్ ఎక్కడుందో డ్రైవ్‌ని అడిగి ఆ ఒక్క జాబితానే చదువుద్ది, వెనక్కి చూడదు. అందుకే రాసేటప్పుడు సాఫ్ట్‌వేర్ పాత జాబితాని కొత్తదాంట్లోకి తెచ్చుకోవాలి. ఫైళ్ళు మళ్ళీ రాయక్కర్లేదు, ఫలానా ఫైలు ఫలానా చోట ఉంది అని పాత అడ్రస్ వేస్తే చాలు. మల్టీసెషన్ కంటిన్యూ అని కాకుండా కొత్తగా స్టార్ట్ అని నొక్కేసేరనుకోండి, పాత బాకీ ముందుకి తేకుండా కొత్త పద్దు పుస్తకం తెరిచినట్టే, బాకీ ఎక్కడికీ పోలేదు, పుస్తకంలో లేదంతే.

పరిష్కారం: ముందు ఆ సీడీ మీద ఇంకేమీ రాయకండి. విండోస్‌లో ఐసోబస్టర్ అనే సాఫ్ట్‌వేర్ పెడితే సెషన్ 1, సెషన్ 2 అని ఎడం పక్కన విడివిడిగా చూపిస్తది, పాతదాంట్లోంచి ఫైళ్ళు బయటికి తీసుకోండి. లినక్స్‌లో అయితే మౌంట్ చేసేటప్పుడు (అంటే సీడీని సిస్టమ్‌లో తెరిచేటప్పుడు) సెషన్ నంబర్ ఆప్షన్‌గా ఇవ్వొచ్చు. బయటికి తీసేక మళ్ళీ సీడీలోకే ఎక్కించకండి, హార్డ్ డిస్కులో ఒక కాపీ, పెన్‌డ్రైవ్‌లో ఒకటి ఉంచుకోండి.

సమస్య 2: రాసిన కంప్యూటర్లో వస్తంది, పక్కింట్లో ఖాళీ అంటంది

సెషన్ క్లోజ్ అవ్వలేదన్నమాట. క్లోజ్ అయ్యేదాకా ట్రాక్ వివరాలు పీఎమ్ఏ అనే చిన్న జాగాలో ఉంటాయి, దాన్ని రైటర్ డ్రైవ్‌లు చదువుతాయి గానీ ఉత్త సీడీ రోమ్ డ్రైవ్‌లు చదవవు. రాసిన డ్రైవ్‌లోనే పెట్టి క్లోజ్ సెషన్ కొట్టండి. ఇంకోటి, విండోస్ విస్టా, విండోస్ 7 వాళ్ళు రాసేటప్పుడు పెన్‌డ్రైవ్ లాగా వాడుకోడానికి అని ఎంచుకుంటే అది యూడీఎఫ్ అనే వేరే ఫార్మాట్, చాలా డీవీడీ ప్లేయర్లకి మింగుడు పడదు. మా వైపు గాలివాన వస్తే కరెంటు పోద్ది కదా, రాస్తండగా పోతే సెషన్ సగంలో ఆగుద్ది, యూపీఎస్ లేకుండా రైటింగ్ మొదలెట్టకండి.

సమస్య 3: 700 ఎంబీ సీడీ తొందరగా నిండిపోద్ది

మొదటి సెషన్ మూసి రెండోది తెరిస్తే దాదాపు 22 ఎంబీ, ఆ తర్వాత ప్రతిదానికీ 13 ఎంబీ లీడిన్ లీడౌట్లకే పోద్ది. పదిసార్లు కొంచెం కొంచెం రాస్తే 130 ఎంబీ దాకా గాల్లో కలిసిపోయినట్టే. పోగేసి ఒకేసారి రాయండి.

సమస్య 4: తర్వాత కలిపిన పాటలు ఆడియో ప్లేయర్లో రావట్లేదు

మామూలు ఆడియో ప్లేయర్‌కి మొదటి సెషన్ తప్ప ఇంకోటి ఉందని తెలీదండి. ఆడియో సీడీ రూల్స్ 1980 నాటివి, సీడీ రైటింగ్ రూల్స్ 1990లో వచ్చేయి. అన్నీ ఒకే సెషన్‌లో మళ్ళీ రాసుకోడమే, వేరే దారి లేదు.

రాజోలు ఆవిడ సీడీ సంగతా? మా డ్రైవ్ రెండో సెషన్ దగ్గరే ఇరుక్కుని గిరగిరా తిరిగేసింది. పక్క షాపులో పాత రైటర్ అడిగి పెడితే మొదటి సెషన్ తెరుచుకుంది, ముహూర్తం ఫోల్డర్ తప్ప అన్నీ వచ్చేయి. అటక మీద చెమ్మలో పడున్న సీడీ కదా, ఆ ఒక్క చోట మచ్చ పడింది. ఇంకో డ్రైవ్ పాలకొల్లులో ఉందన్నారు, ఆదివారం వెళ్తన్నాను.