పాత ఎయిర్‌గన్‌ను విప్పడం ఎలా? లోపల దొరికే వింత వస్తువులను ఏం చేయాలి?

నెల్లూరు బారా షహీద్ దర్గా దగ్గర రొట్టెల పండుగ జరిగే రోజుల్లో స్వర్ణాల చెరువు చుట్టుపక్కల వెలిసే అంగళ్లలో బుడగలు కొట్టే తుపాకి అంగడి ఒకటైనా ఉంటుంది. అక్కడి ఎయిర్‌గన్‌లు ఏడాది పొడవునా తిరునాళ్ల వెంట తిరిగి, ఎక్కడ చెడిపోతే అక్కడే చేతికి అందిన వస్తువుతో బాగుపడి, చివరికి ఏ ఇంటి అటక మీదికో చేరుతాయి. అటువంటి తుపాకిని విప్పినవారికి అసలు భాగాలతో పాటు దానికి ఏ సంబంధమూ లేని వస్తువులు కూడా కనిపిస్తాయి. చాలామంది వాటిని చెత్త కింద ఊడ్చి పారేస్తారు. అది తొందరపాటు అని నా అభిప్రాయం. లోపలున్న ప్రతి పరాయి వస్తువూ ఏదో ఒక లోపానికి ఎవరో చేసిన చికిత్స. ఆ లోపం ఏదో తెలుసుకోకుండా కొత్త స్ప్రింగు, కొత్త వాషరు వేసినా తుపాకి మళ్లీ మొదటికే వస్తుంది.

ముందుగా ఒక మాట. 2016 నాటి ఆయుధ నియమాల ప్రకారం బారెల్ రంధ్రం 4.5 మిల్లీమీటర్లకు, శక్తి 20 జౌళ్లకు మించని ఎయిర్‌గన్‌కు మాత్రమే లైసెన్సు అవసరం లేదు. రంధ్రం అంతకన్నా పెద్దదైతే, లేదా అది మందు కూరి పేల్చే నాటు తుపాకి అయితే, విప్పే ఆలోచన మాని పోలీసు స్టేషనుకు తెలియజేయాలి. బాగైన తుపాకిని పిట్టల మీదికి ఎత్తడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం.

మొదటి పని: బారెల్ ఖాళీగా ఉందో లేదో చూడడం

తుపాకి ఎక్కుపెట్టి ఉందనే అనుకోవాలి. అటక మీద ఇరవై ఏళ్లు పడుకున్నా సరే, స్ప్రింగు బిగిసి ఉండవచ్చు. బారెల్‌ను గోడ లేని వైపుకు, మనుషులు లేని దిక్కుకు తిప్పి, ట్రిగ్గరు జోలికి పోకుండా, కీలు దగ్గర మెల్లగా వంచాలి. ఒక చేత్తో బారెల్‌ను చివరి వరకు విడువకూడదు, ఎందుకంటే పాత తుపాకులలో చాలావాటికి బారెల్ వంచి ఉన్నప్పుడు ట్రిగ్గరు పనిచేయకుండా ఆపే ఏర్పాటు ఉండదు. ట్రిగ్గరు జారిందంటే బారెల్ ఎగిరి వచ్చి వేళ్లను నలిపేస్తుంది.

తరువాత 4 మిల్లీమీటర్ల ఇత్తడి కడ్డీని మూతి వైపు నుండి దూర్చాలి. అది రెండో వైపు తేలకపోతే లోపల ఏదో ఉన్నట్టే. ఇనుప చువ్వ వాడితే లోపలి మెలిక గాడులు దెబ్బతింటాయి. చీపురు పుల్ల వాడమని చెప్పేవారున్నారు కానీ, నేను ఇప్పటికి నాలుగు బారెల్‌లలో విరిగిన చీపురు పుల్లలనే తీశాను, కనుక ఆ సలహా ఇవ్వలేను.

బారెల్‌లో ఎక్కువగా దొరికేవి ఒకదాని వెనుక ఒకటి ఇరుక్కున్న సీసపు గుళ్లు. ఒకసారి ఏడు దొరికాయి. ఇది పిల్లల అల్లరి అని కోప్పడనక్కరలేదు: పిస్టన్ తలకు బిగించే తోలు వాషరు ఎండి గాలి చాలక మొదటి గుండు మధ్యలో ఆగిపోయింది, అది బయటికి పోయిందనుకొని రెండోది పెట్టారు, అలాగే మూడోది. అంటే ఆ ఏడు గుళ్లు బారెల్ గురించి కాదు, వెనుక గొట్టంలో స్ప్రింగు దెబ్బకు ముందుకు కదిలి గాలిని నెట్టే పిస్టన్ గురించి చెబుతున్నాయి. రెండు చివరల నుండీ నాలుగు చుక్కల పలచని నూనె వేసి రాత్రంతా ఉంచి, మరునాడు ఇత్తడి కడ్డీతో చిన్న చిన్న దెబ్బలు వేస్తూ దగ్గర ఉన్న వైపుకు నెట్టాలి. ఇంకో గుండు పేల్చి వాటిని తోసేయాలని ఎన్నడూ ప్రయత్నించకూడదు. పాత గుళ్ల మీద పేరుకునే తెల్లటి పొడి సీసపు విషం. దాన్ని ఊదకూడదు, పని అయ్యాక సబ్బుతో చేతులు కడగకుండా అన్నానికి కూర్చోకూడదు.

గుళ్లు కొనలేని రోజుల్లో జనం కంది గింజలు, అగ్గిపుల్లలు, దారం కట్టిన సూదులు కూడా పేల్చారు. కొన్నేళ్లు కదలకుండా ఉన్న బారెల్‌లో కందిరీగ మట్టిగూడు కూడా ఉండవచ్చు. దాన్ని పొడిగా పొడిస్తే ఇసుక గాడులను గీస్తుంది కనుక ముందు నీటితో నానబెట్టాలి. కరిగి వచ్చిన మట్టిలో సాలీళ్ల పెంకులు కనిపిస్తే ఆశ్చర్యపోవద్దు. తన పిల్లల కోసం ఆ కందిరీగ దాచిన మేత అది.

రెండో పని: కర్ర విడదీయడం

ముందు వైపు రెండు, ట్రిగ్గరు దగ్గర ఒకటి, సాధారణంగా ఇవే కర్రను, అంటే తుపాకి చెక్క పిడిని, పట్టి ఉంచే స్క్రూలు. ప్రతి దశలోనూ ఫోటో తీసుకోవాలి. స్క్రూ రంధ్రాలలో అగ్గిపుల్లలు, సిగరెట్ పెట్టె రేకు కనిపిస్తే కర్ర అరిగి స్క్రూ పట్టడం లేదని అర్థం. వాటిని తీసి మళ్లీ అగ్గిపుల్లలే కొట్టడం దండగ. మంచి వడ్రంగి చేత గట్టి చెక్క మేకు దిగగొట్టించాలి. చెక్క గరిటెలు, చెంచాలు చేసే ఉదయగిరి పనివారికి ఇది అరగంట పని.

మూడో పని: స్ప్రింగు తీయడం

ప్రమాదమంతా ఇక్కడే ఉంది. విశ్రాంతిగా ఉన్నప్పుడు కూడా స్ప్రింగు లోపల నొక్కి ఉంటుంది. గొట్టం వెనుక మూసి ఉండే బిళ్లను చేత్తో పట్టుకొని, దాన్ని ఆపే పిన్ను తీస్తే ఆ బిళ్ల ఎగిరి ముఖానికి తగులుతుంది. వడ్రంగుల పొడవాటి క్లాంపులో గొట్టాన్ని బిగించి, పిన్ను తీసి, క్లాంపును చుట్టు చుట్టుగా వదులు చేయాలి.

కావలి వైపు నుండి వచ్చిన ఒక తుపాకిలో స్ప్రింగు వెంట మూడు చిల్లు కాణీలు జారి నా బల్ల మీద పడ్డాయి. 1943 నుండి 1947 వరకు ముద్రించిన, నడుమ రంధ్రం ఉన్న కంచు నాణేలు అవి. గ్రీజు తుడిచి వెలుగులో తిప్పి చూస్తే రంధ్రాల అంచుల మీద ఆకురాయి గీతలు కనిపించాయి: పిస్టన్ మధ్యనున్న కడ్డీ దూరడం కోసం ఎవరో ఓపికగా ఒక్కొక్క రంధ్రాన్నీ పెద్దది చేశారు. స్ప్రింగును పరీక్షిస్తే చివరి చుట్టు తెగిపోయి ఉంది. తగ్గిన పొడవును భర్తీ చేయడానికి ఆ కాణీలను పెట్టారన్నమాట. చిల్లు కాణీకి కొరగాదని మనం తేలికగా అంటాం కానీ ఇక్కడ మూడు కాణీలు ఒక తుపాకిని ఎన్ని తిరునాళ్లు నడిపాయో! ఇటువంటి నాణేలు, వాషర్లు దొరికినప్పుడు వాటి మొత్తం మందం కొలిచి రాసుకోవాలి, స్ప్రింగును చదునైన గాజు పలక మీద దొర్లించి వంగిందో లేదో చూడాలి. సరైన స్ప్రింగు వేశాక నాణేలను తిరిగి పెట్టకూడదు. పెడితే చుట్లు ఒకదానికొకటి తగిలి, తుపాకి ఎక్కుపెట్టడమే కుదరకపోవచ్చు.

నాలుగో పని: పిస్టన్, వాషరు

తోలు వాషరు స్థానంలో సైకిలు పంపు వాషర్లు రెండు మూడు కలిపి బిగించి ఉండడం మామూలే. నిజానికి అది తెలివైన పనే, తోలు మంచిదైతే చాలాకాలం పనిచేస్తుంది. కొలత వదులుగా ఉంటే మాత్రం చెప్పులు కుట్టేవారి దగ్గర దళసరి తోలుతో కొత్తది చేయించి, నూనెలో నానబెట్టి, గొట్టంలో గట్టిగా జరిగేటట్టు అమర్చాలి. గొట్టం గోడలకు జిగురులా అంటుకున్న పసుపు పూత పాత కొబ్బరి నూనె. నూనె ఎక్కువైతే గాలి నొక్కుడుకు పుట్టే వేడితో అది అంటుకొని పొగ, పెద్ద శబ్దం వస్తాయి. స్ప్రింగు తెగడానికి అదీ ఒక కారణం. మార్కాపురం నుండి వచ్చిన ఒకదానిలో గ్రీజు బూడిద రంగు ముద్దగా మారి ఉంది. వేళ్ల మధ్య నలిపితే గరగరలాడింది, పలకల పొడి. అది సానరాయిలా గొట్టాన్ని అరగదీస్తుంది కనుక పూర్తిగా కడిగి ఆరబెట్టిన తరువాతే కొత్త గ్రీజు, అదీ స్ప్రింగుకు మాత్రమే, పలచగా రాయాలి.

బారెల్ కీలు దగ్గర గాలి పోకుండా సైకిలు వాల్వు ట్యూబు ముక్క చుట్టి ఉంటే దాన్ని తీసి సరైన వాషరు వేయాలి. తిరిగి బిగించాక ఆ అతుకు మీద పలచని కాగితపు ముక్క పరచి, గుండు పెట్టి, ఇసుక బస్తా మీదికి పేల్చాలి. ఖాళీగా పేలిస్తే పిస్టన్ నేరుగా ముందుగోడకు గుద్దుకొని పాడవుతుంది. కాగితం కదిలితే గాలి ఇంకా పోతున్నట్టు. వాషరు కింద మరొక పలచని తోలు బిళ్ల వేసి మళ్లీ చూడాలి.

తీసినవన్నీ ఒక అగ్గిపెట్టెలో వేసి, ఏది ఎక్కడ దొరికిందో చీటీ రాసి, తుపాకితో పాటే యజమానికి ఇవ్వండి. కావలి తుపాకి యజమాని చీటీ చదవలేదు, కాణీలు మాత్రం లెక్కపెట్టుకొని జేబులో వేసుకున్నాడు.