గాజు మేడ పక్కన గులాబీ చెట్టు

మార్చిలో హైటెక్ సిటీలో సైబర్ టవర్స్ ఫోటో తీస్తుంటే, 1998లో ప్రారంభమైన ఆ గుండ్రటి భవనం వెనక్కి వాలినట్టు పడింది. ఫోన్ పైకెత్తడమే తప్పు. కెమెరా తెర మీద అడ్డం, నిలువు గ్రిడ్ గీతలు పెట్టి, దూరం జరిగి, నిటారుగా పట్టుకుంటే సరిపోయింది. కింద మిగిలిన రోడ్డును తర్వాత క్రాప్ చేశాను.

అసలు తిప్పలు ఆ దారిలో పూసిన చెట్టుతో. ఆకులు దాదాపు లేవు, కొమ్మల నిండా గులాబీ పూలే. దూరం నుంచి తీసిన ఫోటోకి, మొక్కల పేర్లు చెప్పే యాప్ ఒక్కోసారి ఒక్కో పేరు చెప్పింది. రాలిన పువ్వొకటి అరచేతిలో పెట్టుకుని చూశాను: గరాటా ఆకారం, ముడతల అంచు, గొంతులో పసుపు. ఒక ఆకు కూడా దొరికింది, ఒకే కాడకు చాచిన వేళ్లలా ఐదు చిన్నాకులు. రెండూ కలిపి దగ్గరగా తీస్తే తేలింది, టబెబుయా రోజియా. మధ్య అమెరికా దేశం ఎల్ సాల్వడార్ జాతీయ వృక్షమట! ఎంత సంతోషమేసిందో.