సల్ఫైడ్ వేసినా పాదరసం దిగకపోతే: సమస్య - పరిష్కారం

కాస్టిక్ సోడా తయారీలో పాదరసం వాడకం ఆపేయడానికి మినమాటా ఒప్పందం (పాదరసంపై అంతర్జాతీయ ఒప్పందం) పెట్టిన గడువు 2025. పాదరసం వాడిన సెల్‌లను (విద్యుత్ తొట్లను) విప్పేసినా నేల కడిగిన నీటిలో, కాలువల్లో పాదరసం ఏళ్ల తరబడి వస్తూనే ఉంటుంది. ఈ నీటికి వాడుకలో ఉన్న పద్ధతి సోడియం సల్ఫైడ్ వేయడం. పాదరసం నల్లని సల్ఫైడ్‌గా మారి అడుగుకు చేరుతుంది. బయటికి వదిలే నీటికి మన దేశంలో పరిమితి లీటరుకు 0.01 మి.గ్రా. రిపోర్టు అంతకు మించి రాగానే చాలాచోట్ల డోసింగ్ పంపు స్ట్రోకు పెంచి సల్ఫైడ్ ఇంకా ఎక్కువ వేసేస్తారు. ఎక్కువసార్లు బెడిసికొట్టేది అదే.

ముందు సీసా సంగతి. పాలిథీన్ గోడల గుండా లోహ పాదరసం ఆవిరి బయటికి పోతుంది, షెడ్డులోని ఆవిరి లోపలికీ వస్తుంది. శాంపిల్ గాజు సీసాలోనే పట్టండి. పట్టిన నీటిని మూడు భాగాలు చేయండి: ఒకటి ఉన్నది ఉన్నట్టు, రెండోది 0.45 మైక్రాన్ ఫిల్టరులో వడకట్టి, మూడోది అరగంట నైట్రోజన్ బుడగలు పోనిచ్చి. మూడింటి అంకెలూ పక్కపక్కన పెట్టి చూస్తే తప్పు ఎక్కడుందో తెలుస్తుంది.

వడకడితే అంకె బాగా పడిపోతోంది

రసాయన చర్య సరిగానే జరిగింది, రేణువులు మాత్రం కూర్చోలేదు. తాజా పాదరస సల్ఫైడ్ చాలా సన్నటిది, క్లారిఫయర్ (రేణువులు అడుగుకు చేరే ట్యాంకు) దాటిపోతుంది. జార్ టెస్టులో (చిన్న పాత్రల్లో చేసే పరీక్షలో) ఫెర్రిక్ క్లోరైడ్ లీటరుకు 20 నుంచి 50 మి.గ్రా. వరకు వేసి చూడండి, తర్వాత రేణువులను ఒకచోట చేర్చే పాలిమర్ కొద్దిగా. ఇనుము మిగులు సల్ఫైడ్‌ను కూడా పట్టుకుంటుంది. ఇసుక ఫిల్టరు బ్యాక్‌వాష్ (కింది నుంచి పైకి కడిగిన) నీటిని డ్రెయిన్‌లోకి వదలకండి, మొదటి ట్యాంకుకే తిప్పండి.

వడకట్టినా తగ్గడం లేదు

సల్ఫైడ్ తగిలితే రంగు మారే లెడ్ అసిటేట్ కాగితం ముంచండి. వెంటనే ముదురు గోధుమ రంగుకు తిరిగితే సల్ఫైడ్ ఎక్కువైంది. మిగులు సల్ఫైడ్‌లో, ముఖ్యంగా క్షారపు నీటిలో, అడుగున చేరిన పాదరసం మళ్లీ కరుగుతుంది. లెక్క చూడండి: లీటరుకు 10 మి.గ్రా. పాదరసమున్న నీరు వెయ్యి లీటర్లకు 60 శాతం సోడియం సల్ఫైడ్ ఫ్లేక్స్ సుమారు 6.5 గ్రాములు సరిపోతాయి. ఇతర లోహాలుంటే ఇంకొంత. కిలోల్లో పోసినా కాగితం రంగు మారడం లేదంటే ఆ సల్ఫైడ్‌ను మరేదో తినేస్తోందన్నమాట.

కాగితం రంగు మారకపోతే అనుమానం క్లోరిన్ మీద. బ్రైన్ (ఉప్పు) నీటిలో మిగిలిన క్లోరిన్ ముందుగా సల్ఫైడ్‌ను తినేస్తుంది. పీహెచ్ 7 నుంచి 8.5 మధ్య ఉంచండి. సల్ఫైడ్ ఉన్న ట్యాంకులో యాసిడ్ పడితే హైడ్రోజన్ సల్ఫైడ్ వస్తుంది. 100 పీపీఎం దగ్గరికి వచ్చేసరికి ముక్కు వాసన పట్టడం మానేస్తుంది కాబట్టి గ్యాస్ డిటెక్టరు లేకుండా ఆ పక్కకు పోవద్దు.

నైట్రోజన్ పోనిచ్చాక అంకె తగ్గింది

ఉన్నది లోహ పాదరసం, సల్ఫైడ్ దాన్ని సరిగా పట్టదు. పీహెచ్ 6 నుంచి 7 మధ్య హైపోక్లోరైట్‌తో ఆక్సీకరించండి. ఇంకా కిందికి దించితే క్లోరిన్ గ్యాస్ లేస్తుంది. తర్వాత సోడియం సల్ఫైట్‌తో మిగులు క్లోరిన్ తీసేయండి. పొటాషియం అయొడైడ్-స్టార్చ్ కాగితం నీలంగా మారడం ఆగగానే సల్ఫైట్ ఆపేయండి, ఎక్కువైతే పాదరసాన్ని తిరిగి లోహంగా మారుస్తుంది. సల్ఫైడ్ వేయాల్సింది ఆ తర్వాతే.

కార్బన్ కాలమ్ తొందరగా చేతులెత్తేస్తోంది

మిగిలిన పాదరసాన్ని పట్టే ఈ బొగ్గు కాలమ్ పైపొరలో బురద పేరుకుని నీరు ఒకే దారిన పోతుండొచ్చు. ముందు బ్యాక్‌వాష్ చేయండి. నీరు కాలమ్‌లో కనీసం 10 నుంచి 15 నిమిషాలు నిలిచేలా ప్రవాహం తగ్గించండి. థయోల్ రెజిన్ (గంధకపు గుంపులతో పాదరసాన్ని పట్టే పూసలు) వాడుతుంటే క్లోరిన్ బొట్టు కూడా తగలనివ్వకండి. దాని పని చేసే గుంపే పాడవుతుంది, రీజెనరేషన్‌తో (రసాయనంతో కడిగి మళ్లీ పనికి తేవడంతో) తిరిగిరాదు.

రిటార్ట్‌లో పాదరసం రావాల్సినంత రావడం లేదు

రిటార్ట్ అంటే బురదను వేడిచేసి పాదరసాన్ని ఆవిరిగా రాబట్టే పాత్ర. బురదలో సున్నం సరిగా కలపకపోతే సల్ఫైడ్ విడిపోదు. ఆ ఆవిరిని చల్లబరిచే కండెన్సరులో మసిలాంటి నల్లపొడి పేరుకుంటే అందులో దుమ్ము పట్టి కలవలేకపోయిన చుక్కలున్నాయి. పొడి సున్నంతో కలియబెడితే అవి ఒకటవుతాయి. చల్లబరిస్తే చాలనుకోవద్దు: 20 డిగ్రీల దగ్గర కూడా ఘనమీటరు గాలిలో సుమారు 13 మి.గ్రా. ఆవిరి నిలుస్తుంది, 40 డిగ్రీల దగ్గర 60 దాటుతుంది. కండెన్సరు తర్వాత గంధకం పట్టించిన కార్బన్ బెడ్ ఉండాల్సిందే. చల్లబడ్డ గ్యాస్‌ను బెడ్‌లోకి పంపే ముందు కొద్దిగా వేడిచేయండి, లేకపోతే తేమ రంధ్రాల్లో నిండి కార్బన్ పనిచేయదు.