మోకాలికి లేని వంకర గ్రాఫ్‌లో కనిపిస్తే

గెయిట్ ల్యాబ్‌లో (నడక తీరును కెమెరాలతో కొలిచే చోట) ఓ పాప నడక రికార్డు చేస్తే, కాలు గాల్లో ఉన్నప్పుడు మోకాలు పక్కకి 25 డిగ్రీలు వంగినట్టు గ్రాఫ్ వచ్చింది. చూస్తే కాలు తిన్నగానే ఉంది! పైగా ఆ గీత మోకాలి మడత గీతతో పాటే లేచి పడుతోంది. అంటే తొడ మార్కర్ (కెమెరాలు గుర్తుపట్టేలా చర్మానికి అంటించే చిన్న గుండు) కాస్త పక్కన పడి, సాఫ్ట్‌వేర్ మోకాలు మడిచే ఇరుసును వంకరగా లెక్కకట్టిందన్నమాట. తప్పు కెమెరాలది కాదు కాబట్టి వాటి జోలికి పోలేదు.

మోకాలి లోపలివైపు ఎముక గుబ్బను వేలితో తడిమి, ఇరుసు సరిగ్గా తెలిసేలా అక్కడ ఇంకో మార్కర్ అంటించి, పాపను కదలకుండా నిలబెట్టి స్టాటిక్ ట్రయల్ మళ్లీ తీశాను. మిగతా మార్కర్లు కదల్లేదు కాబట్టి నడక డేటా మళ్లీ ప్రాసెస్ చేస్తే సరిపోయింది. పక్క వంపు 5 డిగ్రీల లోపుకి దిగింది. తుంటి రొటేషన్ అంకెలూ మారాయి. తొడ ఎముకను ఆపరేషన్‌లో తిప్పాలా వద్దా అన్నదానికి సర్జన్ వాటినీ చూస్తారు. మార్కర్ల కింద చర్మం జారడం వల్ల వచ్చే తేడా మాత్రం దీంతో పోదు.