గువ్వల వేటకు ఏ చోక్, ఏ షెల్స్? ముందు కాగితాన్ని అడగండి

సెప్టెంబర్ 1న టెక్సస్‌లో గువ్వల సీజన్ మొదలవుతుందనగానే మా డాలస్ వైపు కొత్తగా తుపాకీ కొన్న మనవాళ్ళు ఫోన్ చేస్తారు. "అన్నా, ఏ చోక్ పెట్టమంటావ్?" నేను తిరిగి అడిగేది ఒకటే: కాగితం మీద కాల్చి చూశావా? చోక్ మీద రాసిన పేరు, పెట్టె మీద వేసిన బొమ్మ రెండూ అంచనాలే. మీ తుపాకీలోంచి, మీరు కొన్న షెల్‌తో (తూటాతో) పెల్లెట్లు, అంటే అందులోని చిన్న గుండ్లు, ఎలా పరుచుకుంటాయో కాగితమే చెప్పాలి.

చోక్ అంటే బ్యారెల్ కొసన బిగించే ట్యూబ్. 12 గేజ్‌లో (గేజ్ అంటే బ్యారెల్ రంధ్రం కొలత) ఇంప్రూవ్డ్ సిలిండర్ రకం చోక్ పెల్లెట్ల దారిని అంగుళంలో సుమారు వందో వంతు ఇరుకు చేస్తుంది. మాడిఫైడ్ దానికి రెట్టింపు, ఫుల్ మూడున్నర రెట్లు. 40 గజాల దూరంలో 30 అంగుళాల వృత్తంలో పడాల్సిన పెల్లెట్లు వరుసగా 50, 60, 70 శాతం. బెరెట్టా, బెనెల్లి కంపెనీల ట్యూబుల అంచున ఒక గాటు ఉంటే ఫుల్, నాలుగుంటే ఇంప్రూవ్డ్ సిలిండర్. గాట్లు తగ్గేకొద్దీ బిగువు పెరుగుతుందన్నమాట. ఒక కంపెనీ ట్యూబ్ ఇంకో కంపెనీ మరలో చాలాసార్లు కూర్చోదు, బలవంతం చేయకండి.

పొద్దుతిరుగుడు చేల అంచున గువ్వలు ఎక్కువగా 20 నుంచి 30 గజాల్లోనే దాటుతాయి. దానికి ఇంప్రూవ్డ్ సిలిండర్ చాలు. కొత్తవాళ్ళు "దూరం పోతుంది" అని ఫుల్ పెడతారు. ఆ దూరంలో పెల్లెట్ల గుత్తి మరీ చిన్నది, తగలదు. తగిలిందా, వండుకోవడానికి ఏమీ మిగలదు.

షెల్స్‌లో నంబర్ పెరిగేకొద్దీ పెల్లెట్ చిన్నది. ఒక ఔన్స్ సీసంలో ఏడున్నర నంబర్‌వి 350 దాకా, 8వి 410 దాకా ఉంటాయి. గువ్వలకు ఏదైనా పనికొస్తుంది, గాలి గట్టిగా ఉంటే నేను ఏడున్నర తీస్తాను. "హై వెలాసిటీ" అని పెద్ద అక్షరాలతో రాసినవాటికి డబ్బు తగలేయకండి, భుజం నొప్పి తప్ప పెద్దగా ఒరిగేదేమీ లేదు. ఆ డబ్బేదో గట్టి సీసం ఉన్నవాటికి పెట్టండి. మెత్తటి సీసం పేలుడు ఒత్తిడికి నొక్కుకుపోయి పక్కలకు చెదురుతుంది.

ఇక పరీక్ష. నాలుగడుగుల వెడల్పు కాగితం కట్టి, మధ్యలో చుక్క పెట్టి, 30 గజాల నుంచి ఒక్క షెల్ కాల్చండి. తర్వాత రంధ్రాలు ఎక్కువున్న చోటు చూసి, 15 అంగుళాల దారానికి పెన్సిల్ కట్టి వృత్తం గీయండి. చుక్క చుట్టూ కాదు, గుత్తి చుట్టూ. వృత్తం లోపల ఎక్కడైనా పిడికిలి పట్టేంత ఖాళీలుంటే గువ్వ అందులోంచి క్షేమంగా వెళ్ళిపోతుంది. అప్పుడు షెల్ మార్చి చూడండి, ఆ తర్వాతే చోక్. గుత్తి నడుమ భాగం చుక్కకు జానెడు పక్కకు పోతే చోక్ తప్పు కాకపోవచ్చు, మీరు తుపాకీ భుజానికి ఆనించే తీరు చూసుకోండి. ఒక్క కాగితంతో తేల్చేయకండి, ప్రతి చోక్-షెల్ జోడీకీ కనీసం మూడు కాల్చండి.

ట్యూబ్ మార్చేటప్పుడు తుపాకీ ఖాళీగా ఉండాలి. ట్యూబ్ లేకుండా కాలిస్తే లోపలి మరలు పాడవుతాయి. పసుపు రంగు 20 గేజ్ షెల్ 12 గేజ్ బ్యారెల్లోకి జారి ఇరుక్కుంటుంది, దాని వెనక ఇంకోటి పేలిస్తే బ్యారెల్ పగులుతుంది. అందుకే రెండు గేజ్‌లూ ఒకే సంచిలో వేయకండి. వలస పక్షులకు తుపాకీలో మొత్తం మూడు షెల్స్‌కు మించి పట్టకూడదు, మ్యాగజైన్లో (షెల్స్ నింపే గొట్టంలో) ఎక్కువ పట్టకుండా అడ్డుపెట్టే ప్లగ్ ఉందో లేదో చూసుకోండి. హెచ్1బి మీద ఉన్నవాళ్ళు తుపాకీ ముట్టుకునే ముందే హంటింగ్ లైసెన్స్ తీసుకోవాలి, అలాంటి వీసాల వాళ్ళు తుపాకీ ఉంచుకోకూడదన్న ఫెడరల్ చట్టానికి ఉన్న మినహాయింపుల్లో అదొకటి.

సెప్టెంబర్‌లోనే టీల్ బాతుల వేటకు వెళ్ళాలనుకుంటే లెక్క మారుతుంది. 1991 నుంచి అమెరికా అంతటా నీటి పక్షులకు సీసం నిషేధం. స్టీల్ తేలిక, దెబ్బ త్వరగా తగ్గుతుంది. కాబట్టి సీసంలో 6 వాడే చోట స్టీల్‌లో 4 తీసుకోండి. స్టీల్ నొక్కుకోదు, గుత్తి బిగువుగా వస్తుంది. మాడిఫైడ్ పెడితే ఫుల్‌లాగే కాలుస్తుంది. స్టీల్‌కు పనికొస్తుందని రాసి లేని ఫుల్ చోక్‌లోంచి దాన్ని కాల్చకండి. ఇంకోటి: బాతుల దగ్గర సీసం షెల్స్ కాల్చకపోయినా, జేబులో ఉన్నా నేరమే. గువ్వల వేటకు వేసుకునే వెస్ట్ (చేతుల్లేని కోటు) జేబుల్లో ఒకటో రెండో మిగిలిపోతూనే ఉంటాయి. నేనైతే బాతులకు వేరే వెస్ట్ వాడతాను.