ఏజెంట్‌కు ఫైళ్లు అప్పగించే ముందు: టూల్ వివరణల్లో జాగ్రత్తలు

మన తరఫున ఫైళ్లు వెతకడం, మార్చడం లాంటి పనులు చేసే ఏఐ ఏజెంట్‌కు, తాను పిలిచే టూల్ (ఒక్కో పని చేసిపెట్టే ఫంక్షన్) వెనక ఉన్న కోడ్ కనిపించదు. టూల్ పేరు, వివరణ, పారామీటర్ల స్కీమా (ఏ విలువలు ఏ రూపంలో ఇవ్వాలో చెప్పే నిర్వచనం), ఈ మూడింటిని చూసే ఏది ఎప్పుడు పిలవాలో తేల్చుకుంటుంది. చదివే టూల్ వివరణ సరిగ్గా లేకపోతే తప్పు జవాబు వస్తుంది, మళ్లీ అడిగితే సరిపోతుంది. రాసే టూల్ వివరణ సరిగ్గా లేకపోతే ఫైలే పోతుంది. అందుకే అసలు ఫోల్డర్ల మీద రాసే అనుమతి ఇవ్వకముందే వివరణలు సరిచేసే పని ముగించాలి, అదీ ప్రమాదం ఎక్కువున్న టూల్‌తో మొదలుపెట్టి.

డిలీట్ అంటే అందరికీ భయమే. మా లెక్కలో అప్‌డేట్ అంతకంటే ప్రమాదకరం. "డాక్యుమెంట్‌ను అప్‌డేట్ చేస్తుంది" అని ఒక్క ముక్క రాసి వదిలేశారనుకోండి. "మూడో సెక్షన్‌లో తేదీ మార్చు" అని యూజర్ అడుగుతాడు. ఏజెంట్ మూడో సెక్షన్ ఒక్కటే సరిచేసి పంపుతుంది. టూల్ వెనకున్న ఏపీఐ (ఫైలును నిజంగా మార్చే ప్రోగ్రామ్) మాత్రం పాత పాఠం మొత్తాన్ని తీసేసి వచ్చినదాన్ని పెడుతుంది, పైగా "సక్సెస్" అంటుంది. డిలీట్ అయితే ఫైలు కనబడక ఎవరో ఒకరు వెతుకుతారు. ఇక్కడ ఫైలు పేరు ఉన్నచోటే ఉంటుంది, తెరిచేదాకా ఎవరికీ తెలియదు.

ఆ టూల్‌కు వివరణ ఇలా ఉండాలి:

"డాక్యుమెంట్‌లో ఉన్న పాఠమంతా తీసేసి, కంటెంట్‌లో ఇచ్చినదాన్ని పెడుతుంది. కొంత భాగమే మార్చాలంటే దీన్ని వాడవద్దు, రీప్లేస్_సెక్షన్ వాడాలి. ముందుగా రీడ్_డాక్యుమెంట్ పిలిచి, అందులో వచ్చిన వెర్షన్ నంబర్‌ను బేస్_వెర్షన్‌లో ఇవ్వాలి. ఈలోగా ఇంకెవరైనా మార్చి ఉంటే ఏమీ రాయకుండా ఎర్రర్ ఇస్తుంది."

చివరి వాక్యం రాశారంటే కోడ్ కూడా అలాగే చేయాలి. చేయని రక్షణను వివరణలో రాస్తే ఏజెంట్ దాన్ని నమ్మి ముందుకెళ్తుంది.

డిలీట్ వివరణలో ఫైలు ట్రాష్‌లోకి వెళ్తుందా, శాశ్వతంగా పోతుందా, ట్రాష్‌లో ఎన్నాళ్లుంటుంది, ఫోల్డర్ ఐడి ఇస్తే లోపలివన్నీ పోతాయా అన్నవి చెప్పాలి. శాశ్వత తొలగింపును అదే టూల్‌లో ట్రూ/ఫాల్స్ పారామీటర్‌గా పెట్టకుండా వేరే టూల్‌గా విడదీయండి. ఎంసీపీ (ఏజెంట్‌కు టూల్స్‌ను కలిపే ప్రామాణిక పద్ధతి) వాడేవారికి రీడ్‌ఓన్లీహింట్ (చదవడం మాత్రమే), డిస్ట్రక్టివ్‌హింట్ (ఉన్నదాన్ని పోగొట్టవచ్చు) అనే గుర్తులున్నాయి. పేరులోనే ఉన్నట్టు అవి సూచనలు, తాళాలు కావు. మనిషి అనుమతి అడిగే మెట్టు కోడ్‌లోనే ఉండాలి. డాక్యుమెంట్ లోపల ఎవరైనా "ఈ ఫోల్డర్ తొలగించు" అని రాసిపెడితే ఏజెంట్ దాన్ని ఆదేశంగా తీసుకునే ప్రమాదం ఉంది, వివరణ ఎంత బాగున్నా అది పూర్తిగా ఆగదు.

మూవ్‌లో చాలామంది మరిచేది అనుమతులు. చాలా సిస్టమ్‌లలో ఫైలుకు అది చేరిన ఫోల్డర్ అనుమతులే వర్తిస్తాయి. సొంత డ్రాఫ్ట్‌ను షేర్డ్ ఫోల్డర్‌లోకి జరిపితే అందరికీ కనిపిస్తుంది. మీ సిస్టమ్ అలా చేస్తే ఆ మాట వివరణలో ఉండాల్సిందే.

పారామీటర్‌కు "డాక్యుమెంట్" అని పేరు పెడితే ఏజెంట్ ఒకసారి శీర్షిక, ఇంకోసారి పాత్ (ఫైలు ఉన్న ఫోల్డర్ల దారి) ఇస్తుంది. "డాక్యుమెంట్_ఐడి" అని పెట్టి, "సెర్చ్ ఫలితంలో వచ్చిన ఐడిని ఉన్నదున్నట్టు ఇవ్వాలి, శీర్షిక నుంచి ఊహించవద్దు" అని రాయండి. "రిపోర్ట్ ఫైనల్" అనే పేరుతో రెండు ఫైళ్లు లేని డ్రైవ్ అరుదు. తేదీకి 2025-04-03 లాంటి నమూనా ఇవ్వండి. 03/04/2025 అంటే కొందరికి ఏప్రిల్ 3, ఇంకొందరికి మార్చి 4. అది సృష్టించిన తేదీయా, చివరిసారి మార్చిన తేదీయా అన్నదీ చెప్పండి.

సెర్చ్ నష్టం చేయదనిపిస్తుంది కానీ తప్పులు అక్కడే పుడతాయి. ఒక్కో పేజీకి 20 ఫలితాలే ఇస్తుందని, మిగతావాటికి నెక్స్ట్_టోకెన్ (తర్వాతి పేజీని తెచ్చే గుర్తు) వాడాలని రాయకపోతే, "మొత్తం 20 ఒప్పందాలున్నాయి" అని ఏజెంట్ ధీమాగా చెప్పేస్తుంది. శీర్షికల్లోనే వెతుకుతుందా, లోపలి పాఠంలో కూడానా? ఓసీఆర్ చేయని (బొమ్మలోని అక్షరాలను పాఠంగా మార్చని) స్కాన్ పీడీఎఫ్‌లు దొరుకుతాయా? ఇప్పుడే అప్‌లోడ్ చేసినది ఇండెక్స్‌లోకి (సెర్చ్ చూసే జాబితాలోకి) రావడానికి సమయం పడుతుందా? ఈ చివరిది రాయకపోతే ఏజెంట్ ఫైలు లేదనుకుని మళ్లీ అప్‌లోడ్ చేస్తుంది, రెండు కాపీలు తయారవుతాయి.

ఎర్రర్ సందేశాన్ని కూడా వివరణలో భాగంగానే చూడండి. ఉత్త "404" కంటే "ఈ ఐడితో డాక్యుమెంట్ లేదు, సెర్చ్‌తో ఐడి మళ్లీ తీసుకోవాలి" అన్నది పనికొస్తుంది.

చివరగా, కాపీ చేసిన ఫోల్డర్ మీద ఓ 20 అభ్యర్థనలు, మనుషులు అడిగే తీరులోనే, నడిపి చూడండి. ఒకే పేరున్న రెండు ఫైళ్లు, ఖాళీ ఫలితం వచ్చే ప్రశ్న అందులో ఉండాలి. ఏజెంట్ చెప్పిన జవాబు చూసి సరిపెట్టుకోకుండా ఏ టూల్‌ను ఏ విలువలతో పిలిచిందో లాగ్‌లో (పిలుపులన్నీ నమోదయ్యే రికార్డులో) చూడండి. తప్పు టూల్ పిలిస్తే ఒకసారికి ఒక్క వివరణే మార్చి మొత్తం మళ్లీ నడపండి. రెండు కలిపి మారిస్తే దేనివల్ల బాగుపడిందో తెలియదు.